కారు ఇంజను నుంచి క్రాంకుషాఫ్టు విప్పడం

క్రాంకుషాఫ్టు కారు ఇంజను అడుగున తిరిగే వంకీల ఇరుసు. సిలిండర్లలో పైకీ కిందికీ ఆడే పిస్టన్ల కదలికను గుండ్రంగా తిరిగే కదలికగా మార్చి, ఫ్లైవీలు మీదుగా గేరుబాక్సుకు అందించేది ఇదే. దీన్ని బయటికి తీయాలంటే ఇంజనులో దాదాపు ప్రతి భాగాన్నీ ముందు తప్పించాలి. అందుకే మెకానిక్కులు దీన్ని ‘ఫుల్ ఇంజను పని’ కింద లెక్కేస్తారు. హెడ్డు వరకు విప్పి, వాల్వులు చూసి మూసేస్తే అది సగం పని. వాడుకలో అందరూ దీన్ని క్రాంకు అనే అంటారు కాబట్టి ఇక్కడా ఇకపై అదే మాట.

ఈ పనికి కండబలం కంటే గుర్తులు పెట్టే ఓపిక ఎక్కువ కావాలి. ఏ మూత ఏ చోటిది, ఏ ముఖం ఎటు తిరిగి ఉంది, ఏ బేరింగు ఏ పక్కన అరిగింది అనేవి విప్పేటప్పుడే రాసి పెట్టుకోవాలి. అన్నీ ఊడదీసి కిరసనాయిలు తొట్టిలో కడిగేశాక ఎంత అనుభవజ్ఞుడైనా ఆ సంగతులు తిరిగి చెప్పలేడు. క్రాంకును పాడుచేసేది ఎక్కువగా గ్రైండింగు మిషనే అని ఒక నమ్మకం ఉంది. చాలాసార్లు అది అంతకుముందే, విప్పే చోటే పాడవుతుంది.

చండ్రుగొండ, చుట్టుపక్కల

ఈ పనిని ఇక్కడ చండ్రుగొండ లాంటి ఊరి షెడ్డు నుంచి చూస్తున్నాం. చండ్రుగొండ ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే సరిహద్దులో ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాల పునర్విభజనలో ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు మారింది. అప్పుడే దీనిలోంచి అన్నపురెడ్డిపల్లి వేరే మండలమైంది. ఒక పక్క కనకగిరి గుట్టలు, మరో పక్క పత్తి చేలు, మిరప చేలు, ఆయిల్‌పామ్ తోటలు. కోయ గూడేల నుంచి, లంబాడా తండాల నుంచి మనుషుల్ని సంతకు, ఆసుపత్రికి చేర్చేవి ఆటోలు, జీపులు, బొలెరోలు. ఆయిల్‌పామ్ గెలలు అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు ట్రాక్టర్ల మీద పోతాయి. సొంత కారు ఉన్నవాళ్లూ పెరిగారు. ఆ కార్లు కూడా తారు రోడ్డు మీదే తిరగవు. వాగులు దాటుతాయి, మెట్ట దారుల్లో రాళ్లకు అడుగు గీసుకుంటాయి.

ఇంత బండ్ల బలగం ఉన్నా, క్రాంకు పని ఇలాంటి ఊళ్లలో ఒకచోట మొదలై ఒకచోట పూర్తికాదు. ఇంజను దించడం, విప్పడం, తిరిగి కట్టడం షెడ్డులో అవుతాయి. క్రాంకు అరగదీసే గ్రైండింగు మిషను మాత్రం ఖరీదైనది, బరువైనది, రోజూ పని ఉంటే తప్ప గిట్టనిది. అందుకని క్రాంకు బస్సెక్కో, డిక్కీలోనో కొత్తగూడానికి, ఖమ్మానికి, పెద్ద పనైతే విజయవాడ ఆటోనగర్‌కు పోతుంది. లేతు దగ్గర ఉన్నవాడు ఆ ఇంజనును చూడడు. అతను చూసేది గోనెసంచిలో చుట్టిన క్రాంకు, దాంతోపాటు కాగితం మీద నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలు సరిగ్గా ఉంటే సగం గెలిచినట్టే.

ఈ విద్య ఇక్కడికి ఎలా వచ్చిందన్నది కూడా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో 1932లో రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో బస్సు డిపోలు, ఉప్పల్, కరీంనగర్ జోనల్ వర్క్‌షాపులు ఇంజను మరమ్మతుకు పెద్ద బడులయ్యాయి. కొత్తగూడెంలో సింగరేణి కాలరీస్ వర్క్‌షాపులున్నాయి. గని యంత్రాలను విప్పి కట్టే చేతులు అక్కడ తయారయ్యాయి. కిందివైపు విజయవాడలో 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్ లారీ పనికి పేరుమోసింది. బోరింగు, క్రాంకు గ్రైండింగు, పాత విడిభాగాలు అన్నీ ఒకే చోట దొరకడం దాని బలం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటారు వాహనాల మెకానిక్ కోర్సు రెండేళ్లు. అయినా షెడ్డుల్లో ఎక్కువమంది నేర్చుకునేది మేస్త్రి చేతి కింద పానాలు అందిస్తూనే. ఆ చదువులో నట్టు విప్పడం తొందరగా వస్తుంది. మైక్రోమీటరు చదవడం చాలామందికి ఎప్పటికీ రాదు. ఇది ఆ కుర్రాళ్ల తప్పు కాదు, షెడ్డులో ఆ పరికరమే ఉండదు.

వస్తువు సంగతి

తిరగలి పిడిని చేత్తో పట్టి తిప్పేటప్పుడు చెయ్యి ముందుకూ వెనక్కూ పోతుంది, రాయి గుండ్రంగా తిరుగుతుంది. క్రాంకు సూత్రం అదే: కేంద్రానికి కాస్త దూరంలో ఉన్న పిడి. యంత్రాల్లో దీన్ని స్పష్టంగా వాడిన పాత ఆధారాల్లో 1206 నాటి అల్ జజరీ గ్రంథం ఒకటి. ఇంగ్లండులో 1780లో జేమ్స్ పికార్డ్ ఆవిరి యంత్రానికి క్రాంకు వాడకంపై పేటెంటు తీసుకోవడంతో, జేమ్స్ వాట్ దాన్ని తప్పించుకోవడానికి మరుసటి ఏడాది పళ్ల చక్రాలతో వేరే ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. ఇంత మామూలు వస్తువు కోసం అంత తిప్పలు.

కారు క్రాంకులో రెండు రకాల నున్నటి స్తంభాలుంటాయి. ఇంజను బ్లాకులో కూర్చుని తిరిగేవి మెయిన్ జర్నళ్లు. కనెక్టింగ్ రాడ్లు పట్టుకునేవి క్రాంకు పిన్నులు. వీటిని కలిపే మందపాటి రెక్కలకు ఎదురుబరువులు ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో పిన్నులు 180 డిగ్రీల ఎడంతో, అంటే రెండు పైన, రెండు కింద ఉంటాయి. మూడు సిలిండర్ల మారుతి 800 లాంటి వాటిలో 120 డిగ్రీల ఎడం. లోపల సన్నటి నూనె రంధ్రాలు మెయిన్ జర్నలు నుంచి పిన్ను దాకా ఏటవాలుగా పోతాయి. వెనక చివర ఫ్లైవీలు బిగించే ఫ్లాంజి, ముందు చివర పుల్లీకీ టైమింగు గేరుకూ తాళం గాడి. ఉక్కును సాగగొట్టి చేసినవి కొన్ని, పోత ఇనుముతో చేసినవి కొన్ని. అరుగుదల ఆగడానికి జర్నళ్ల పైపొరను వేడితోనో, నైట్రోజన్ పట్టించో గట్టిపరుస్తారు.

జర్నలు, బేరింగు నేరుగా రాసుకోకూడదు. వాటి మధ్య నూనె పొర ఉంటుంది, షాఫ్టు ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది. 1880ల్లో బోషాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు నడినెత్తిన రంధ్రం తొలిచాడు. నూనె లోపలికి పోకపోగా పైకి ఉబికి వచ్చింది. బిరడా పెడితే బిరడాను తోసేసింది. తిరుగుతున్న ఇరుసే నూనెను ఇరుకులోకి లాక్కుని అంత ఒత్తిడి పుట్టిస్తోందని అప్పుడు తెలిసింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దాని గణితం రాశాడు. కారు క్రాంకు దగ్గర ఈ పొరకు ఇచ్చే సందు మామూలుగా మిల్లీమీటరులో వందో వంతులు కొన్ని: చాలా ఇంజన్లలో 0.02 నుంచి 0.06 మిల్లీమీటర్ల మధ్య. సందు తగ్గితే నూనె చొరదు, పెరిగితే నూనె పక్కలకు కారిపోయి ఒత్తిడి పడిపోతుంది. క్రాంకు విప్పే పని మొత్తం ఈ సందు చుట్టూనే తిరుగుతుంది.

ఎప్పుడు విప్పాలి

క్రాంకు సరదాకు విప్పేది కాదు. ఇంజను వేడెక్కాక ఆయిల్ లైటు వెలగడం, ఎక్కుడులో లోపలినుంచి బరువుగా టకటక కొట్టడం, ఆయిల్ మార్చినప్పుడు అందులో రాగి రంగు పొడి మెరవడం, లేదా ఇంజను మొత్తానికి బిగుసుకుపోవడం అసలు కారణాలు. పిన్ను దగ్గరి బేరింగు పోతే శబ్దం గట్టిగా, చురుగ్గా వస్తుంది. మెయిన్ బేరింగు పోతే మందంగా, అడుగునుంచి వచ్చినట్టుంటుంది. ఏ సిలిండరుదో తెలుసుకోవడానికి పెట్రోలు ఇంజనులో ఒక్కో ప్లగ్గు వైరు తీసి వింటారు. వైరు తీసినప్పుడు ఏ సిలిండరు దగ్గర శబ్దం మెత్తబడితే దాని పిన్ను బేరింగును అనుమానించాలి.

అడవి దారుల్లో మరో రెండు ఉన్నాయి. రాయి తగిలి ఆయిల్ ఛాంబరు పగిలితే నూనె దారిలోనే కారిపోతుంది. లైటు వెలిగినా ఊరు దగ్గరే కదా అని నడిపితే బేరింగులు నిమిషాల్లో క్రాంకుకు అతుక్కుంటాయి. వానాకాలం వాగులో బండి దింపినప్పుడు గాలి గొట్టం గుండా నీళ్లు సిలిండరులోకి పోతే ఇంకా ప్రమాదం. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇలా ఆగిన బండిని సెల్ఫు కొట్టి స్టార్టు చేయబోవడమే అసలు నష్టం.

వెనక ఆయిల్ సీలు కారుతోందని క్రాంకు దించేవాళ్లూ ఉన్నారు. చాలా కార్లలో దానికి గేరుబాక్సు, క్లచ్చు, ఫ్లైవీలు తప్పిస్తే చాలు.

విప్పే క్రమం

బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయాలి. కూలెంటు, ఇంజను ఆయిలు వేరువేరుగా దించాలి. ఆయిలును పారబోయకుండా శుభ్రమైన టబ్బులో పట్టి, వెలుతురులో వేలితో కదిపి చూడాలి. అయస్కాంతానికి అంటేది ఇనుము, అంటనిది బేరింగు లోహం. తర్వాత ఆ నూనె వాగులోకి పోకూడదు. చేతులకు ఎక్కువసేపు అంటి ఉండటమూ మంచిది కాదు.

అంబాసిడర్, జీపు వంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో ఇంజను పొడవునా ఉంటుంది, చైన్ పుల్లీతో ముందునుంచి పైకి లేపుతారు. అడ్డంగా అమర్చిన చిన్న కార్ల ఇంజన్లు గేరుబాక్సుతో కలిపి వస్తాయి; కొన్నిటిని కిందికి దించడమే తేలిక. వేలాడుతున్న ఇంజను కింద చెయ్యి పెట్టకూడదన్న నియమం అందరికీ తెలుసు, అయినా పాటించని చోటు షెడ్డే.

గేరుబాక్సు విడదీశాక క్లచ్చు ప్రెషర్ ప్లేటు మీద, ఫ్లైవీలు మీద ఒకే గీత పడేలా గుర్తు పెట్టాలి. ఫ్లైవీలుకూ క్రాంకు ఫ్లాంజికీ అలాగే. ఈ రెండూ క్రాంకుతో కలిపి తూకం వేసి అమర్చిన ఇంజన్లు ఉంటాయి. తారుమారైతే తర్వాత కారు మొత్తం వణుకుతుంది. ముందు పుల్లీ బోల్టు చాలా బిగువుగా ఉంటుంది. ఫ్లైవీలు పళ్లను అడ్డగించి పొడుగు పిడితో విప్పాలి. పుల్లీని పుల్లరుతో లాగాలి, సుత్తితో అంచు కొట్టకూడదు: చాలా పుల్లీల్లో అదురు పీల్చే రబ్బరు పొర ఉంటుంది, దెబ్బకు అది జారుతుంది. అర్ధచంద్రాకారపు చిన్న తాళం ముక్క గాడిలోంచి జారి పోవడం సర్వసాధారణం. తీయగానే దారం కట్టి పుల్లీకే వేలాడదీసే మేస్త్రులున్నారు, మంచి అలవాటు.

టైమింగు మూత తెరిచాక చైను గానీ బెల్టు గానీ తీయడానికి ముందు ఒకటో పిస్టనును పైకి తెచ్చి, గేర్ల గుర్తులు కలిశాయో లేదో చూడాలి. ఇప్పుడు అందరి చేతిలో ఫోను కెమెరా ఉంది. ఫొటో తీసుకోవడం సిగ్గుపడే పని కాదు. చైను తీశాక క్రాంకును గానీ పైనున్న క్యాము షాఫ్టును గానీ ఇష్టమొచ్చినట్టు తిప్పితే చాలా ఇంజన్లలో తెరిచి ఉన్న వాల్వు పిస్టనుకు తగిలి వంగుతుంది. హెడ్డు బోల్టులు ఇంజను పూర్తిగా చల్లారాక, అంచుల నుంచి నడిమికి, ఒక్కో బోల్టు కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో విప్పాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది.

ఆయిల్ ఛాంబరు, జల్లెడ, పంపు తీశాక అడుగు భాగం కనిపిస్తుంది. అసలు పని ఇక్కడ మొదలు.

కనెక్టింగ్ రాడ్డు ఒక్కోదానికి అడుగున ఒక మూత. మూతా రాడ్డూ కలిపి బిగించి తొలిచిన జత అది, ఇంకో రాడ్డు మూతతో కుదరదు. ఫ్యాక్టరీ నంబర్లుంటే రాసుకోవాలి, లేకపోతే పక్క అంచు మీద పెయింటు చుక్కలు పెట్టాలి: ఒకటో దానికి ఒకటి, రెండో దానికి రెండు. పాతకాలపు పద్ధతిలో పంచ్‌తో చుక్కలు గుద్దేవారు. కొత్త ఇంజన్లలో రాడ్డు పెద్ద కన్నాన్ని కోయకుండా విరిచి రెండు చేస్తారు. ఆ గరుకు ముఖాలు ఒకదానిలో ఒకటి మాత్రమే సరిపోతాయి, వాటి మీద పంచ్ పడితే రాడ్డు పోయినట్టే. మూత తీశాక రాడ్డు బోల్టు కొసలకు పాత పెట్రోలు పైపు ముక్కలు తొడగాలి. పిస్టను పైకి నెట్టేటప్పుడు బోల్టు మర క్రాంకు పిన్నును గీసిందంటే, అంతవరకు బాగున్న పిన్నుకు కూడా గ్రైండింగు ఖాయం. పిస్టన్లను బయటికి తీసేట్టయితే బోరు పైఅంచున అరగకుండా మిగిలిన గట్టును ముందు గీకాలి, లేకపోతే రింగులతోపాటు పిస్టను గాడులు విరుగుతాయి.

మెయిన్ మూతల జోలికి పోకముందే ఒక కొలత ఉంది. క్రాంకును గడ్డపార కొసతో మెల్లగా ముందుకు, వెనక్కు నెట్టి ఎంత కదులుతోందో డయల్ గేజితో గానీ ఫీలర్ గేజితో గానీ చూడాలి. దీన్ని ఎండ్ ప్లే అంటారు, 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోపు చాలా కార్లకు మామూలు. అంతకు మించితే పక్కతోపును ఆపే థ్రస్టు వాషర్లు అరిగాయని అర్థం. క్లచ్చు మీద కాలు ఆనించి నడిపే డ్రైవరు బండిలో ఇది తరచూ కనిపిస్తుంది. క్రాంకు బయటికి వచ్చాక ఈ కొలత తీయలేరు, అయినా షెడ్డుల్లో ఎక్కువగా దాటేసేది ఇదే.

మెయిన్ మూతల మీద మామూలుగా నంబరు, ముందువైపు చూపే బాణం ఉంటాయి. లేకపోతే పెట్టుకోవాలి. ఈ మూతలు కూడా బ్లాకుకు బిగించి ఒకే వరసలో తొలిచినవి. రెండోదీ నాలుగోదీ మారితే క్రాంకు తిరగదు, బలవంతంగా తిప్పితే కాలుతుంది. బోల్టులను చివరల నుంచి నడిమికి విడతలుగా వదులు చేయాలి. మూత రాకపోతే విప్పిన బోల్టులనే సగం దూర్చి, రెంటినీ పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. ఉలి దూర్చి లేపితే ముఖం చెడి, ఇక ఆ మూత సరిగా కూర్చోదు. ఇటీవలి ఇంజన్లు చాలావాటిలో విడివిడి మూతలు ఉండవు, అన్నీ కలిపి ఒకే చట్రంగా వస్తాయి; దాని చుట్టూ పట్టు లేపనం ఉంటుంది, బ్లాకుకు పక్కనుంచి చిన్న బోల్టులూ ఉంటాయి. ఒక్క బోల్టు మరిచి చట్రాన్ని లాగితే అల్యూమినియం విరుగుతుంది. బిగింపులో సాగేలా చేసిన బోల్టులను తిరిగి వాడకూడదు. ఈ సలహాను డబ్బు దగ్గర ఎక్కువమంది పక్కన పెడతారు. పాత బోల్టు తెగితే రాడ్డు బ్లాకు గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుందని చెబితే కొందరు వింటారు.

చివరకు క్రాంకును ఎత్తడం. చిన్న కారుదైతే ఒక్కరే ఎత్తగలరు, డీజిల్ బండిదైతే ఇద్దరు పట్టాలి. రెండు చివరలు సమంగా, నిటారుగా పైకి లేపాలి. ఏటవాలుగా లాగితే థ్రస్టు జర్నలు పక్కలు గీసుకుంటాయి. దాంతోపాటు థ్రస్టు వాషర్లు జారి పడతాయి. వాటి నూనె గాడులు ఎటు తిరిగి ఉన్నాయో ఆ క్షణంలోనే చూడాలి: గాడి ఉన్న ముఖం క్రాంకు వైపు ఉండాలి. తిరగేసి పెట్టిన వాషరు కొద్ది వందల కిలోమీటర్లకే అరిగి ఊడుతుంది.

క్రాంకును నేల మీద పడేయకూడదు. నూనె పూసి, శుభ్రమైన గుడ్డ చుట్టి, వెనక ఫ్లాంజి మీద నిలబెట్టడం మేలు. జూలై, ఆగస్టు తేమలో ఒట్టిగా వదిలేస్తే రాత్రికి రాత్రి జర్నలు మీద తుప్పు చుక్కలు లేస్తాయి.

బేరింగులు చెప్పే కథ

విప్పిన బేరింగు షెల్సును ఒక డబ్బాలో కలిపి వేసేవాడు మెకానిక్కు కాడని నా అభిప్రాయం. అట్టముక్క మీద వరసగా, పైదీ కిందదీ పక్కపక్కన, సిలిండరు నంబరు రాసి పేర్చితే, రోగం దాదాపు అక్కడే తెలుస్తుంది.

షెల్లు అడుగు పొర ఉక్కు. దాని మీద రాగి, సీసం మిశ్రమమో, అల్యూమినియం, తగరం మిశ్రమమో. చాలావాటికి పైన పల్చటి మెత్తటి పూత. మెత్తదనం ఉద్దేశపూర్వకం: నూనెలో వచ్చిన నలుసును బేరింగు తనలోకి దించుకుంటుంది, గట్టి జర్నలు బతుకుతుంది. 1839లో ఐజాక్ బాబిట్ కనిపెట్టిన తెల్ల లోహం నుంచి ఈ ఆలోచన మారలేదు. పూత సమంగా పోయి నడుమ రాగి రంగు తేలితే అది వయసు. గీతలు పడితే మురికి: ఆయిల్ ఫిల్టరు చౌకదో, మార్చనిదో, లేదా పాత రిపేరులో బ్లాకు సరిగా కడగలేదో. ఒక షెల్లు ఒక అంచున, దాని జత షెల్లు ఎదుటి అంచున అరిగితే రాడ్డు వంగింది. వాగులో ఆగిన బండికి ఇది సాక్ష్యం. మెయిన్ షెల్సులో నడిమివి ఎక్కువగా, చివరివి తక్కువగా అరిగితే క్రాంకు వంగిందో, బ్లాకు వరస తప్పిందో. అన్నీ ఒకేసారి నల్లబడి లోహం కరిగి పాకితే నూనె లేకుండా నడిచింది. ఒక్కటే కరిగితే ఆ పిన్నుకు పోయే నూనె దారి పూడింది. కొత్త షెల్లు వేసి మూస్తే మళ్లీ అదే పిన్ను పోతుంది. షెల్లు వెనకవైపు మెరుస్తుంటే అది తన గూటిలో తిరిగిందన్నమాట, రాడ్డు కన్నం కూడా కొలవాలి.

షెల్లు వెనక ముద్రించిన సైజును కాగితం మీద రాయాలి. ఇంతకుముందు ఎవరైనా గ్రైండింగు చేయించారో లేదో, ఇంకెన్ని విడతలు మిగిలాయో అది చెబుతుంది.

కొలత, గ్రైండింగు

జర్నలును మైక్రోమీటరుతో రెండు చివరల వద్ద, ప్రతి చోటా నిలువునా అడ్డంగా కొలుస్తారు. నిలువుకూ అడ్డానికీ తేడా ఉంటే కోడిగుడ్డు ఆకారం, ఒక చివరకూ మరో చివరకూ తేడా ఉంటే ఏటవాలు అరుగుదల. ఎంతవరకు ఒప్పుకోవచ్చో ఆ ఇంజను మాన్యువల్ చెబుతుంది. వేలి గోరు అడ్డంగా లాగితే తట్టే గీత ఉందంటే కొలత అక్కర్లేదు, గ్రైండింగే. వంకర చూడటానికి రెండు చివరలను ‘వి’ దిమ్మల మీద పెట్టి, నడి జర్నలు మీద డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పుతారు.

పగుళ్లకు సరైన పరీక్ష అయస్కాంత పొడిది. అది లేనిచోట పాత పద్ధతి: క్రాంకును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో ఎదురుబరువును తట్టడం. బాగున్నది గంటలా మోగుతుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. కిరసనాయిలులో ముంచి, తుడిచి, సుద్దపొడి పూస్తే పగులులోంచి నూనె గీత తేలే పద్ధతీ ఉంది. రెండూ పెద్ద పగుళ్లనే పట్టిస్తాయి. జర్నలు రెక్కను కలిసే మూల వంపు దగ్గర మొదలయ్యే సన్నటి పగుళ్లు వీటికి చిక్కవు; క్రాంకులు విరిగేది మాత్రం చాలావరకు అక్కడే.

గ్రైండింగులో జర్నలును తదుపరి సైజుకు దించుతారు: 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు. పాత అంగుళాల లెక్కలో 10, 20, 30, 40. అంగుళంలో వెయ్యో వంతులవి. షాపుల్లో ఇప్పటికీ ‘టెన్ సైజు’, ‘ట్వెంటీ సైజు’ అనే అడుగుతారు. మెయిన్ జర్నళ్లు నడి అక్షం మీద ఉంటాయి కాబట్టి తేలిక. పిన్నుల కోసం క్రాంకును పక్కకు జరిపి బిగించి, పిన్ను తన అక్షం మీద తిరిగేలా చూడాలి. ఆ జరపడంలో తేడా వస్తే పిస్టను ప్రయాణం మారిపోతుంది. మూల వంపును కోసి చదును చేసే లేతువాడి దగ్గరికి రెండోసారి వెళ్లకూడదు. నైట్రోజన్ పట్టించిన క్రాంకుల్లో గట్టి పొర పల్చన. ఒక్కసారి అరగదీస్తే చాలావరకు పోతుంది, తిరిగి పట్టించే సౌకర్యం పెద్ద నగరాల్లోనే ఉంటుంది. చండ్రుగొండ నుంచి పంపే కాగితంలో ఇంజను పేరు, మోడలు సంవత్సరం, పాత షెల్లు సైజు, ఏ పిన్ను కాలింది, ఎండ్ ప్లే ఎంత అని ఉండాలి. ముందు కొత్త షెల్సు కొని వాటితో కలిపి పంపితే ఇంకా మేలు. సైజు దొరకకముందే అరగదీయిస్తే ఆ సైజు షెల్సు కోసం ఊళ్లు తిరగాల్సి వస్తుంది.

తిరిగొచ్చిన క్రాంకు నూనె రంధ్రాల్లో గ్రైండింగు పొడి ఉంటుంది. సన్నటి బ్రష్షు, కిరసనాయిలు, గాలి ఒత్తిడి. ఒక రంధ్రంలో పోసినది రెండోదాంట్లోంచి స్వచ్ఛంగా రావాలి. ఈ పది నిమిషాలు మిగుల్చుకున్నవాళ్లు ఇంజను మళ్లీ దించుతారు.

కొన్ని ఇంజన్లు

ఉత్తరపాడాలోని హిందుస్తాన్ మోటార్స్ 2014 వరకు తయారుచేసిన అంబాసిడరుకు చాలాకాలం ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తరహా 1489 సీసీ ఇంజను. దాని క్రాంకుకు మూడే మెయిన్ బేరింగులు, పక్కతోపును నడి బేరింగు ఇరుపక్కల వాషర్లు ఆపుతాయి. విప్పడానికి ఇంతకంటే దయగల ఇంజను లేదు. 1983 చివర వచ్చిన మారుతి 800లో 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు మెయిన్లు, టైమింగు బెల్టు. తేలిక క్రాంకు, కానీ సందులు బిగువు. అంబాసిడరు అలవాటుతో దాని మీద చెయ్యి వేసినవాళ్లు మొదట్లో చాలా నేర్చుకున్నారు. బొలెరో 2523 సీసీ డీజిల్‌లో అయిదు మెయిన్లు, బరువైన రెక్కలు. రెండు చక్రాల బండ్ల క్రాంకు కథ పూర్తిగా వేరు: అక్కడ పిన్నును ప్రెస్సుతో నెట్టి రెండు చక్రాలను విడదీసి, రోలర్ బేరింగుతో సహా రాడ్డు కిట్టు మారుస్తారు.

ఆఖరి సైజు కూడా దాటిన క్రాంకుకు దారులు కొన్నే. లోహం పూసి తిరిగి స్టాండర్డుకు తేవచ్చు, చేసే చెయ్యి మంచిదైతే. కొత్తది కొనొచ్చు. ఎక్కువమంది ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండుది వెతుకుతారు; కొలిచి, వేలాడదీసి మోగించి చూడకుండా కొంటే అది జూదమే. క్రాంకు మారిస్తే ఆర్‌సీకి సంబంధం లేదు, ఇంజను నంబరు ఉండేది బ్లాకు మీద. బ్లాకుతో సహా పాత ఇంజను దొరికిందని ఎక్కిస్తే మాత్రం రవాణా శాఖ కార్యాలయంలో ఆ ఇంజను కొన్న కాగితాలు చూపి, ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి.